పాయిఖానా పాఠం

బడి అనగానే చాలామందికి గంట గుర్తొస్తుంది, నల్లబల్ల గుర్తొస్తుంది. మా బడి ఆడపిల్లల్ని అడిగితే తాళంకప్ప గుర్తొస్తుందంటారు. పాయిఖానాకి వేసిన తాళం. దాని చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. తెలిసినా అడగడానికి సిగ్గు. అందుకని పిల్లలు పొద్దున ఇంటి దగ్గర నీళ్లు తాగరు. బడికొచ్చాక తాగరు. సాయంత్రం నాలుగు దాటేదాకా బిగపట్టుకుని కూర్చుంటారు. నెలలో ఆ నాలుగైదు రోజులు అసలు రారు.

నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్సు చెబుతాను. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని, డిగ్రీ చదివిన మొదటి మనిషిని. మాది రెల్లి కులం. ఆ పేరు వినగానే ఎదుటివాళ్ల చూపు నా ముఖం మీంచి ఒక్క క్షణం నా చేతుల మీదికి దిగుతుంది. ఈ చేతుల్లో చాక్‌పీసు ఉన్నా వాళ్లకి చీపురే కనపడుతుంది. పాయిఖానా గురించి రాస్తే ఆ చూపుకి ఇంకాస్త బలం ఇచ్చినట్టవుతుందేమో అని మా వాళ్లే కొందరు అన్నారు. కావచ్చు. కానీ ఇన్నాళ్లూ రాసినవాళ్లకి కడగడం తెలియదు. కడిగినవాళ్లకి రాయడం దొరకలేదు. మా ఇంట్లో రెండూ ఉన్నాయి గనక నేను రాస్తున్నాను.

మా తాతలు విజయనగరం వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని దక్షిణానికి వలసొచ్చారు. గడ్డి కోసి అమ్మారు, పళ్లు అమ్మారు. పట్నంలో మునిసిపాలిటీ వాళ్లు తట్టా చీపురూ చేతిలో పెట్టారు. ఆ తట్ట మూడు తరాలు మా ఇంటి చూరుకింద ఉంది.

మా నాయనమ్మ పాకీదొడ్లు ఎత్తేది. ఇప్పటి పిల్లలకి పాకీదొడ్డి అంటే తెలియదు కాబట్టి చెప్పాలి. ఇంటి వెనక ప్రహరీకి ఆనించి చిన్న గది. లోపల కాళ్లు పెట్టుకోడానికి రెండు రాళ్లు. కింద నేలో, రేకు డబ్బానో. గొట్టం లేదు, నీళ్లు లేవు. వెనక సందులోకి మోకాలెత్తున ఒక కంత. ఇంటివాళ్లు ముందు నుంచి వస్తారు, మా నాయనమ్మ వెనక నుంచి రావాలి. తెల్లారకముందే ఆ కంతలోంచి రేకుముక్కతో గీకి, బూడిద చల్లి, తట్టలోకి ఎత్తి, నెత్తిన పెట్టుకుని సందు చివర బండి దాకా మొయ్యాలి. వానాకాలం తట్ట కారేది. కారింది చెవుల పక్క నుంచి దిగేది. వాసన తట్టుకోవడానికి నాయనమ్మ నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. మునిసిపాలిటీ జీతం కాక ఇంటికో ముద్ద చద్దన్నం, అది కూడా చెయ్యి తగలకుండా పైనుంచి వదిలేవాళ్లు. పండక్కి పాతచీర. ఆ చీరలు మా అమ్మ బొంతలు కుట్టింది. నేను ఆ బొంతల మీద పడుకుని చదువుకున్నాను.

మనిషి చేత మలం ఎత్తించడం, పాకీదొడ్లు కట్టించడం నేరమని 1993లో పార్లమెంటు చట్టం చేసింది. మన రాష్ట్రంలో అది అమల్లోకి వచ్చింది 1997 జనవరి 26న. రిపబ్లిక్ దినం నాడు. ఆ సంగతి మా నాయనమ్మకి చెప్పినోళ్లు లేరు. ఆమె ఆ రోజు కూడా తట్ట ఎత్తే ఉంటుంది. చట్టం కాగితం మీద ఉండిపోతే కదిలించింది మా మనుషులే. కోలారు బంగారు గనుల దగ్గర ఇదే పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనతో నడిచిన సఫాయి కర్మచారి ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి దొడ్లు లెక్కపెట్టారు, 2003లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2013లో ఇంకో చట్టం వచ్చింది. మురుక్కాలవల్లో, ట్యాంకుల్లో దిగి చచ్చిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో కోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. మనిషి ధర పెరిగింది. మనిషి దిగడం మాత్రం ఆగలేదు.

బీయస్సీలో ఉండగా నాకో సంగతి తెలిసింది. వాసన పైకి రాకుండా పాయిఖానా కింద గొట్టాన్ని వంపు తిప్పి, ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచేట్టు చేసే పద్ధతికి 1775లోనే లండన్‌లో పేటెంటు తీసుకున్నారు. తీసుకున్నాయన అలెగ్జాండర్ కమ్మింగ్, గడియారాలు చేసే పనివాడు. వంపు తిరిగిన గొట్టం, అందులో గుక్కెడు నీళ్లు. అంతే యంత్రం. ఈ మధ్య కాలంలో రైలొచ్చింది, టెలిగ్రాఫొచ్చింది, కరెంటొచ్చింది, సినిమా వచ్చింది. ఈ వంపు గొట్టం మటుకు మా నాయనమ్మ తిరిగిన సందుకి రెండొందల ఏళ్లు దాటినా రాలేదు. ఎందుకని? తెలివి లేక కాదు. డబ్బు లేకా కాదు, ఆ ఇళ్లల్లో మేడలున్నాయి. గొట్టం కంటే మా నాయనమ్మ చవక కాబట్టి రాలేదు.

ఇప్పుడు పల్లెల్లో కట్టే చెంబునీళ్ల పాయిఖానాలో ఆ వంపులో నిలిచే నీళ్ల లోతు ఎంతో తెలుసా? 20 మిల్లీమీటర్లు. బొటనవేలి వెడల్పు. ఆ నీళ్లే వాసనకి, ఈగకి, పురుగుకి అడ్డం. లీటరున్నర, రెండు లీటర్లు గబుక్కున పోస్తే మురికి ఆ వంపు దాటి వెళ్లిపోతుంది, వెనక మళ్లీ అంతే నీళ్లు నిలుస్తాయి. ఎవరూ గీకక్కర్లేదు, ఎత్తక్కర్లేదు. ఆ మాట తరగతిలో చెబుతుంటే నాకు గొంతు పట్టేస్తుంది. పిల్లలు టీచర్‌కి జలుబు చేసిందనుకుంటారు.

మా నాన్న తట్ట మొయ్యలేదు. మునిసిపాలిటీలో కాలవల పని, మ్యాన్‌హోళ్ల పని. తెల్లారుజామున మస్తర్ వేయించుకుని వెళ్లేవాడు. గోచీ, వెదురుబద్ద, బకెట్టు, తాడు. ఇవే పనిముట్లు. మా పెదనాన్న అలాంటి ఒక గుంటలోనే పోయాడు. దిగినవాడు పలకలేదని రెండోవాడు దిగబోతుంటే మా నాన్న అతని జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడంట. లాగకపోతే ఆ రోజు రెండు శవాలు. అప్పటి నుంచి నాన్న ఒక మాట అంటూ ఉండేవాడు.

"వాసనొస్తంటే బయపడకు. వస్తన్న వాసన ఉన్నట్టుండి ఆగిపోయిందా, అప్పుడు బయపడు. ఎనక్కి పారిపో."

చిన్నప్పుడు అది పిచ్చిమాటలా ఉండేది. తర్వాత పుస్తకంలో చదివాను. కుళ్లిన మురికిలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెంగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. గాఢత పెరిగితే ముక్కులో వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. మనిషి వాసన పోయిందనుకుంటాడు, పోయేది తన ప్రాణం. పరీక్షలో ఈ వాయువు లక్షణాలు రాస్తే రెండు మార్కులు. మా పెదనాన్న లాంటి వాళ్లు ప్రాణాలు పెట్టి కనిపెట్టిన లక్షణం ఏ పాఠ్యపుస్తకంలోనూ వాళ్ల పేరున లేదు.

ఇక బడి సంగతి.

బడిలో ఆడపిల్లలకి, మగపిల్లలకి వేరువేరు మరుగుదొడ్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. అన్ని బళ్లలో ఆరు నెలల్లో కట్టాలని 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధానమంత్రి చెప్పాడు, ఏడాది తిరిగేసరికి అన్ని బళ్లలో కట్టేశామన్నారు. తర్వాత 2020లో కాగ్ నివేదిక వచ్చింది. ప్రభుత్వ రంగ సంస్థలు బళ్లలో కట్టిన మరుగుదొడ్లలో 2,326 చూస్తే, 691 వాడుకలోనే లేవని తేలింది. 72 శాతం వాటిల్లో లోపల నీళ్లు రావు. కట్టడం వేరు, నడపడం వేరు. కట్టడానికి టెండరుంది, శిలాఫలకముంది, ఫొటో ఉంది. నడపడానికి ఏముంది? మేమున్నాం గదా అని ధీమా.

మా బడిలో మరుగుదొడ్లకి కొత్తగా టైల్స్ వేశారు, రంగులు వేశారు, గోడ మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలు వేశారు. భూమిలో గొట్టం మాత్రం పాతదే. 2022 జూలైలో వానలు మొదలవగానే ఆడపిల్లల వైపు నాలుగు దొడ్లూ ఎగదన్నాయి. నీళ్లు పోస్తే దిగవు, పైకొస్తాయి. హెడ్‌మాస్టరు తాళం వేయించాడు. స్టాఫ్ గదిలో ఉన్న పాయిఖానా మాత్రం బాగానే ఉంది, దాని గొట్టం వేరే.

అంతకుముందు ఇలాంటిది వస్తే ఏం చేసేవాళ్లో నేను చేరిన మొదటి ఏడే చూశాను. ఎస్సీ కాలనీ నుంచి వచ్చే ఆడపిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని పిలిచి బకెట్టు చేతికిచ్చేవాళ్లు. "మీకైతే అలవాటే కదమ్మా" అనేవాళ్లు. ఆ పిల్లల వయసు పన్నెండు, పదమూడు. ఏం అలవాటు? ఎవరు చేశారు అలవాటు? అంటరానితనం పేరున ఎవరి చేతనైనా బలవంతంగా పాకీపని, ఊడ్చే పని చేయిస్తే నేరమని పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో 7-ఏ సెక్షన్ ఉంది, 1976లో చేర్చారు. ఆ సెక్షన్ చేత్తో రాసి స్టాఫ్ గది గోడకి అంటించాను. ఆ రోజు నుంచి పిల్లల్ని పంపడం ఆగింది. నాతో కలిసి టీ తాగడం కూడా కొన్నాళ్లు ఆగింది.

ఈసారి పిల్లల్ని పంపలేరు. స్టాఫ్ మీటింగు పెట్టారు. హెడ్‌మాస్టరు నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా అన్నాడు.

"మేడమ్, మీ నాన్నగారు మునిసిపాలిటీలో చేశారు కదా. వారికి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి పంపించమని చెబుతారా? మనకెవరికీ ఈ పని తెలియదు."

నాన్నగారు అన్నాడు. వారు అన్నాడు. గారు తగిలించి కూడా కులం గుర్తుచెయ్యొచ్చు. పదముగ్గురు మేష్టర్లలో అందరూ నా మొహమే చూస్తున్నారు. వాళ్ల చూపులో దురుద్దేశం కూడా లేదు. అదే భయంకరం. దాహమేస్తే కుండ వైపు చూసినట్టు చూస్తున్నారు.

నా ముందు రెండు దార్లున్నాయి. నాకు తెలియదు, నాకేం సంబంధం అనొచ్చు. అంటే తాళం ఎన్నాళ్లుంటుందో చెప్పలేం, ఎనిమిదో తరగతి పిల్ల తుప్పల చాటుకి వెళ్లి పాము చూసి పరిగెత్తుకొచ్చి రెండు రోజులే అయింది. లేదా సరే సార్ అని మావాళ్లని పిలిపించొచ్చు. పిలిపిస్తే ఆ తట్ట మళ్లీ చూరుకింద పెట్టుకున్నట్టే. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను.

"నేను రాను. ఎవుర్నీ పంపను కూడా," అన్నాడు ముందే. "ముప్పైరెండేళ్లు సేశాను, చాలు. కానీ సెప్తాను, ఇను. ఒక దొడ్డే దిగట్లేదా, నాలుగూ దిగట్లేదా?"

"నాలుగూ దిగట్లేదు నాన్నా."

"ఒకటే అయితే ఆ దొడ్డి వంపులోనే అడ్డం. నాలుగూ అంటే అడ్డం బయటుంది. ఒకదాంట్లో నీళ్లు పోస్తే పక్కదాంట్లో గుడగుడ మంటందా?"

"అంటంది."

"అయితే నాలుగూ కలిసిన తర్వాతే. బయట చాంబరు మూత ఉంటది, తీసి సూడు. చాంబరు ఎండిపోయుంటే అడ్డం దొడ్డికీ చాంబరుకీ మజ్జిన. నిండిపోయుంటే చాంబరు దాటాక. అప్పుడు ట్యాంకు సూడాలి. మూత ఎత్తేటప్పుడు గాలి ఎటునుంచి వస్తందో సూసుకుని అటు నిలబడు. మూతి లోపల పెట్టకు. దగ్గిర ఎవుణ్నీ బీడీ ఎలిగించనియ్యకు. దిగడం మాట ఎవుడైనా ఎత్తితే ఆణ్ని బయటికి పంపించెయ్."

ముప్పైరెండేళ్ల నౌకరీ ఐదు నిమిషాల్లో చెప్పాడు. ఇది ఇంజనీరు చెబితే సాంకేతిక పరిజ్ఞానం అంటారు. జీతం, క్వార్టరు, సన్మానం ఇస్తారు. మా నాన్న చెబితే అలవాటు అంటారు.

మర్నాడు మీటింగులో చెప్పాను. "పని నాకు తెలుసు. చెయ్యి కూడా వేస్తాను. ఒక్కదాన్నే వెయ్యను. మీరందరూ వెయ్యాలి." ఎవరూ మాట్లాడలేదు. తెలుగు మేష్టరు గొంతు సవరించుకుని ప్లంబర్ని పిలుద్దామన్నాడు. పిలిచారు. స్కూలు గ్రాంటు ఉంది, న్యాయమైన మాటే. ప్లంబరొచ్చి మూత చూసి, "నేను కొళాయిలు, ట్యాపులు చూస్తానండి. ఈ పనికి వేరే వాళ్లుంటారు," అని బండెక్కి వెళ్లిపోయాడు. వేరే వాళ్లు! దేశమంతా తిరిగి ఎక్కడికి వెళ్లినా ఆ వేరే వాళ్లు మేమే.

చివరికి నలుగురు కదిలారు. లెక్కల మేష్టరు, పీఈటీ, సోషల్ మేడమ్, నేను. హెడ్‌మాస్టరు కాసేపు వరండాలో నిలబడి, తర్వాత ఆయనే ప్యాంటు మడిచి వచ్చాడు. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కాళ్లకి గమ్‌బూట్లు, మూతికి మాస్కులు గ్రాంటు డబ్బుతో పట్నంలో కొనిపించాను. గునపంతో చాంబరు మూత లేపాం. అంచుల దాకా నిండి ఉంది. ట్యాంకు మూత దూరం నుంచి లేపి చూస్తే నీళ్ల మట్టం బయటికి పోయే గొట్టం దగ్గరే ఉంది, పైకి లేదు. అంటే ట్యాంకు నిండలేదు. వేలకి వేలు పోసి లారీ పిలవాల్సిన పని లేదు. అడ్డం చాంబరుకీ ట్యాంకుకీ మధ్యనున్న పన్నెండడుగుల గొట్టంలో ఉంది. నాన్న ఫోన్లో చెప్పిందానికి వెంట్రుకవాసి తేడా లేదు.

పొడవాటి వెదురుబద్ద, చివర గుడ్డ గట్టిగా చుట్టి, చాంబరు వైపు నుంచి దూర్చాం. ముందు నేను, వెనక లెక్కల మేష్టరు. నెట్టడం, లాగడం, మళ్లీ నెట్టడం. ఊరికే నెట్టుకుంటూ పోతే అడ్డం ఇంకా బిగుసుకుంటుంది. వెనక్కి లాగినప్పుడే వదులవుతుంది. ముప్పావుగంటకి ఒక్కసారిగా గళగళమంటూ చాంబరు ఖాళీ అయింది. వరండాలో పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఏమేం బయటపడ్డాయి? ప్యాడ్లు, గుడ్డపీలికలు, బిస్కెట్టు కవర్లు, రెండు పెన్నులు, అన్నిటికింద గొట్టం మూతిలోనే బిగుసుకుపోయిన సిమెంటు గడ్డ. కట్టినవాళ్లు మిగిలిన సిమెంటు కడిగి చాంబరులో వదిలేశారు. అది గట్టిపడి మూతి సగం మూసింది. ఆ సగానికి ప్యాడ్లు తగులుకున్నాయి. పిల్లలకి వాడటం రాదు, మురికి జనం అని అంతకుముందు రోజు దాకా అన్నవాళ్లున్నారు. ప్యాడ్ వేయడానికి లోపల మూతున్న బుట్ట ఒక్కటి పెట్టలేదు. బుట్ట లేనప్పుడు పిల్ల దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? పుస్తకాల సంచిలోనా? తప్పు పిల్లది కాదు. కట్టినవాడిది, చూడనివాడిది.

తర్వాత నేను అడిగిందొక్కటే. కాగితం. ఏ వారం ఎవరి వంతో పేర్లు రాసిన కాగితం, హెడ్‌మాస్టరు సంతకంతో. అందులో అన్ని కులాల పేర్లుండాలి, హెడ్‌మాస్టరు పేరుతో మొదలవ్వాలి. రోజూ కడగడానికి మనిషుంది. వంతు మేష్టరు పని ఆమె పక్కన నిలబడి చూడటం, అడ్డం పడితే చెయ్యి వెయ్యడం, సరుకులు తెప్పించడం. ఇద్దరు ఒప్పుకోలేదు. ఒకాయన తన వంతుకి రెండొందలిస్తాను, వేరే ఎవర్నైనా పెట్టుకోండి అన్నాడు. ఆ రెండొందలు తీసుకునేది ఎవరో నాకు తెలుసు కాబట్టి ఒప్పుకోలేదు. ఆయన పేరు ఆ కాగితం మీద ఇప్పటికీ ఉంది, ఎదురుగా సంతకం లేదు. ఉండనివ్వండి, అదీ రికార్డే.

ఆ కాగితం పక్కనే ఇంకో కాగితం అంటించాను. పిల్లలకి పాఠంగానూ చెబుతాను. వేసవి సెలవుల్లో వంపులో నీళ్లు ఎండిపోతాయి, దొడ్డి కంపు కొట్టేది అందుకే. బడి తెరిచే ముందురోజు ప్రతి దొడ్లో బకెట్టు నీళ్లు పొయ్యాలి. మా బోరు ఉప్పునీళ్లు. ఆ నీళ్లు, మూత్రం కలిసి గొట్టంలోపల సున్నంలా గట్టి పెచ్చు కడతాయి, మూత్రశాల గొట్టాలు రానురాను సన్నమవుతాయి. వారానికోసారి వెనిగర్ పోసి రాత్రంతా నాననిచ్చి పొద్దున బ్రష్షుతో రుద్దితే పెచ్చు పెరగదు. తెల్లగా మెరవాలని సీసాలకి సీసాలు యాసిడ్ పోస్తే పింగాణీ మెరుగు పోతుంది, ట్యాంకులో మురికిని తినే సూక్ష్మజీవులూ చస్తాయి. యాసిడ్, బ్లీచింగు పౌడరు ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది. ట్యాంకు రెండు మూడేళ్లకోసారి లారీ గొట్టంతో తోడించాలి, ఎగదన్నేదాకా ఆగకూడదు. మనిషి దిగకూడదు. ఈ చివరి మాట ఎర్రసిరాతో రాశాను.

మా చిన్నాన్న కొడుకు మునిసిపల్ కార్మికుల యూనియన్‌లో పనిచేస్తాడు. ఈ సంగతి విని కోప్పడ్డాడు. "అక్కా, తట్టలు తగలబెట్టి ఊరేగింపులు తీసినవాళ్లం. నువ్వు టీచరువై మళ్లీ బద్ద పట్టుకుంటావా? వాళ్లకి కావాల్సింది అదే గదా." వాడి కోపం న్యాయమైంది. చాలాసేపు వాదించుకున్నాం. నేను చెప్పింది ఇది. పాకీదొడ్డి వేరు, ఇది వేరు. పాకీదొడ్డిని బాగుచెయ్యడమంటూ లేదు, పగలగొట్టడమే. దాన్ని నడపాలంటే ఒక మనిషి నెత్తి కావాలి. ఈ దొడ్డి నడవడానికి మనిషి నెత్తి అక్కర్లేదు. నీళ్లు, తొడుగు, బద్ద, కాస్త తెలివి చాలు. అవి ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు. ఉండొచ్చు కాదు, ఉండాలి. నేను బద్ద ముందువైపు పట్టుకున్నందుకు కాదు, వెనకవైపు లెక్కల మేష్టరు పట్టుకున్నందుకే ఇది రాస్తున్నాను. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. "వెనకవైపు ఎన్నాళ్లు పట్టుకుంటాడో చూద్దాం" అన్నాడు. ఆ అనుమానం నాకూ ఉంది.

ఎందుకంటే రోజూ కడిగే ఆమె మా మనిషే. 2021లో రాష్ట్రంలో బళ్ల మరుగుదొడ్లకి ఆయాలని పెట్టారు, నెలకి ఆరు వేలు. మా ఊళ్లో ఆ పనికి కులంతో పనిలేదన్నారు. నిజమే, కాగితం మీద లేదు. మరి పైవీధి నుంచి ఒక్క అప్లికేషనైనా ఎందుకు రాలేదు? పైవీధిలో ఆరు వేలు అవసరమైన ఇల్లు ఒక్కటీ లేదా? ఉంది. అదే బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి ఆ వీధి నుంచే పోటీపడ్డారు. వంట చేతికి ఒక కులం, చీపురు చేతికి ఒక కులం. ఎవరూ రాయకపోయినా అందరూ చదవగలిగే నోటిఫికేషన్ అది. ఆమె జీతం రెండు మూడు నెలలకోసారి వస్తుంది. తొడుగుల కోసం నేను అడిగేదాకా ఆమెకి తొడుగుల్లేవు. టైల్సుకి డబ్బుంది, తొడుగులకి లేదు.

ఇప్పుడు మా బడిలో తాళం లేదు. నా తరగతి హాజరుపట్టీలో నెలకో నాలుగైదు రోజులు వరసగా పడే సున్నాలు బాగా తగ్గాయి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, పెద్దకులం పిల్లే, ఇంట్లో దొడ్డి దిగకపోతే చాంబరు మూత తీయించి అడ్డం ఎక్కడుందో వాళ్ల నాన్నకి చెప్పిందంట. "ఈ పనులు నీకెందుకే" అని వాళ్ల నాయనమ్మ తిట్టిందంట. ఆ పిల్ల నాతో నవ్వుతూ చెప్పింది. తిట్టనీ. వాళ్ల నాయనమ్మకి తెలియక్కర్లేకుండా పోయిన పని మా నాయనమ్మ చేసింది.

ఇది చదివే విద్యార్థులు, కార్యకర్తలు మీ బడికో, కాలేజీకో, హాస్టల్‌కో, యూనియన్ ఆఫీసుకో వెళ్లినప్పుడు అంబేద్కర్ పటానికి దండ వేసే ముందు వెనక్కి వెళ్లి పాయిఖానా చూడండి. నీళ్లొస్తున్నాయా చూడండి. ఎవరు కడుగుతున్నారో అడగండి. ఆ మనిషి కులం, జీతం, తొడుగుల సంగతి అడగండి. వంతుల కాగితం ఉందా, ఉంటే అందులో ఎవరి పేర్లున్నాయి, మీ పేరుందా చూడండి. లేకపోతే ఈ వారమే రాయండి.